సముద్రం లేని ఊళ్లో ఒక అడ్మిరల్ జీవితం రాయడం

కర్నూలులోని ఒక కళాశాలలో రాజనీతి శాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాక, మా కాలనీ గ్రంథాలయంలో నెలకొకసారి జరిగే ప్రసంగాల్లో నా వంతు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరి జీవితాన్ని రాసి చదవడం నాకు అలవాటైంది. అక్కడికి వచ్చేవారిలో కొందరు నాలాంటి పింఛనుదారులు, కొందరు పోటీ పరీక్షలకు చదివే యువకులు. ఇటీవల నా వంతు వచ్చినప్పుడు అమెరికా తీరరక్షణ దళమైన కోస్ట్‌గార్డ్‌కు అధిపతిగా పనిచేసిన అడ్మిరల్ థాడ్ అలెన్‌ను ఎంచుకొన్నాను. తుంగభద్ర ఒడ్డున కూర్చొని సముద్రం మీది అధికారి గురించి రాయడమేమిటని మిత్రులు అడిగారు. ఆ ఎంపిక ఎలా జరిగిందో, ఆ జీవితాన్ని కాగితం మీదికి తేవడానికి ఏమేం చేయవలసి వచ్చిందో, ఏది ఉంచి ఏది వదిలానో ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి పనికి పూనుకొనేవారికి ఉపయోగపడవచ్చు.

ఎంపికకు కారణం 2009 అక్టోబర్ 2. తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి కర్నూలులోకి వచ్చినప్పుడు నేను పాతబస్తీలో ఒక మేడ మీద ఉన్నాను. ఆ వరదలో శ్రీశైలం జలాశయానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల నీరు చేరింది. అంత ప్రవాహాన్ని ఊహించి కట్టిన ఆనకట్ట కాదది. నీళ్లు తీశాక నేను చూసినదేమిటంటే, పని చేయడానికి మనుషులకు కొదవ లేదు. రెవెన్యూవారు, పోలీసులు, నీటిపారుదల ఇంజనీర్లు, పురపాలక సిబ్బంది, సైనికులు, హెలికాప్టర్లలో వచ్చినవారు, అన్నం పొట్లాలు తెచ్చిన స్వచ్ఛంద సంస్థలవారు, పుట్టి వేసుకొని సందుల్లోకి వచ్చిన బెస్తవారు, అందరూ ఉన్నారు. వీరిలో ఎవరు ఎవరికి లోబడినవారు? ఒకరి మాట మరొకరు ఎందుకు వినాలి? రాజనీతి శాస్త్రంలో అధికారం గురించి ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన నాకు ఆ ప్రశ్నకు జవాబు పుస్తకంలో దొరకలేదు. ఆ తర్వాత, అమెరికాను 2005లో దెబ్బతీసిన కత్రినా తుపాను విచారణ నివేదికలు చదువుతున్నప్పుడు అలెన్ పేరు తగిలింది. తనకు లోబడని మనుషుల చేత పని చేయించవలసిన పరిస్థితి ఒకసారి కాదు, ఉద్యోగ జీవితంలో మళ్లీ మళ్లీ ఎదురైన మనిషి ఆయన.

మొదటి పని ఆధారాలు సమకూర్చుకోవడం. ఇలాంటి అధికారుల విషయంలో అవి మూడు రకాలుగా దొరుకుతాయి. వారి సంస్థ ప్రకటించే అధికారిక జీవిత పరిచయం ఒకటి. చట్టసభల సంఘాల ముందు ఇచ్చిన వాంగ్మూలాలు, విలేకరుల సమావేశాల్లో చెప్పిన మాటల పూర్తి పాఠాలు రెండవది. విచారణ సంఘాల నివేదికలు మూడవది. నా పాత విద్యార్థి ఒకడు ఇవన్నీ దింపుకొని, జిరాక్సు దుకాణంలో అచ్చు వేయించి, కట్టలు కట్టి తెచ్చి ఇచ్చాడు. అధికారిక పరిచయాన్ని ముందు చదివి పక్కన పెట్టేశాను. అందులో ఏ సంవత్సరం ఏ పదవి, ఏ పతకం అన్న పట్టిక తప్ప మనిషి ఉండడు. వాంగ్మూలాలు అలా కావు. అడిగేవాడు గుచ్చి అడుగుతాడు, చెప్పేవాడు తప్పించుకోవడానికి చూస్తాడు, లేదా సూటిగా చెబుతాడు. ఆ రెండింటి మధ్య స్వభావం బయటపడుతుంది. జీవితం రాయాలనుకొనేవారు వాంగ్మూలాలతో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం.

హోదాల వరుసలో రాయకూడదని ముందే నిర్ణయించుకొన్నాను. అయినా వినేవారికి కనీస పరిచయం కావాలి కాబట్టి ఒక పేరా దానికి కేటాయించాను. అమెరికా కోస్ట్‌గార్డ్ తన పుట్టుకను 1790 ఆగస్టు 4 నుంచి లెక్కిస్తుంది. సుంకాల వసూలు కోసం అలెగ్జాండర్ హామిల్టన్ పూనికతో ఏర్పడిన చిన్న నౌకల దండు అది. 1915లో ప్రాణరక్షణ సేవా సంస్థతో కలిసి ఇప్పటి పేరు పొందింది. ఖజానా శాఖ కింద పుట్టి, 1967లో రవాణా శాఖకు, 2003లో అంతర్గత భద్రత శాఖకు మారింది. సైనిక దళమే అయినా రక్షణ శాఖ కింద లేదు. స్మగ్లర్లను పట్టుకోవడం, మునిగేవారిని కాపాడడం, ఓడలను తనిఖీ చేయడం, సముద్రంలో చమురు ఒలికితే చూసుకోవడం, అన్నీ దాని పనులే. దాని అధిపతి పదవి పేరు కమాండెంట్, హోదా నాలుగు నక్షత్రాల అడ్మిరల్. ఆ హోదాను మొదట అందుకొన్నవాడు రస్సెల్ వేషీ, 1945లో. అలెన్ 23వ కమాండెంట్.

ఆయన 1949లో అరిజోనా రాష్ట్రంలోని టూసాన్‌లో పుట్టాడు. అది ఎడారి ఊరు. వానలు ముఖం చాటేసే మన సీమ జిల్లాల పిల్లలకు ఈ ఒక్క సంగతి చెప్పాలని నేను పట్టుపట్టి దీన్ని వ్యాసంలో ఉంచాను. తండ్రి కూడా కోస్ట్‌గార్డ్‌లోనే పనిచేశాడు, కానీ అధికారిగా కాదు. కింది వరుసలో చేరి చీఫ్ స్థాయికి ఎదిగినవాడు. బదిలీల వెంట పిల్లవాడు ఊళ్లు మారుతూ పెరిగాడు. 1971లో కనెక్టికట్‌లోని న్యూ లండన్‌లో ఉన్న కోస్ట్‌గార్డ్ అకాడమీ నుంచి పట్టా పుచ్చుకొన్నాడు. అకాడమీలో ఆయన ఫుట్‌బాల్ ఆటగాడు, అదీ అమెరికా పద్ధతి ఫుట్‌బాల్. తర్వాత ప్రభుత్వ పాలనలో ఒకటి, ఎంఐటీ అనే పేరున్న సాంకేతిక విద్యాసంస్థలో నిర్వహణ శాస్త్రంలో మరొకటి, రెండు పీజీ పట్టాలు చేశాడు. నౌకాధికారికి ఇంత పుస్తకాల చదువెందుకని వినేవారు అనుకొంటారేమోనని దీన్ని తీసేయబోయి, చివరి పదేళ్ల ఉద్యోగం అర్థం కావాలంటే ఇది అవసరమని తోచి ఉంచాను.

తొలి ఉద్యోగాల్లో నన్ను ఆపిన చోటు థాయిలాండ్‌లోని లాంపాంగ్. వియత్నాం యుద్ధం ముగింపుకు వస్తున్న రోజుల్లో ఆయన అక్కడ ఒక లోరాన్ కేంద్రానికి అధికారి. ఉపగ్రహాలు దారి చూపే రోజులు రాకముందు, భూమి మీది స్తంభాల నుంచి వెలువడే రేడియో సంకేతాల మధ్య కాలవ్యత్యాసాన్ని కొలిచి ఓడలు, విమానాలు తాము ఎక్కడున్నాయో తెలుసుకొనే ఏర్పాటే లోరాన్. లాంపాంగ్ కూడా సముద్రానికి దూరంగా కొండల మధ్య ఉన్న ఊరే. మిగతా చిన్న పదవులను, లాంగ్ ఐలండ్ సౌండ్, అట్లాంటిక్ సిటీ వంటి చోట్ల చేసిన పనిని, సిట్రస్ అనే నౌకకు కమాండరుగా ఉన్న కాలాన్ని రెండు వాక్యాల్లో దాటేశాను.

2001 సెప్టెంబర్ 11 నాటికి ఆయన అట్లాంటిక్ ప్రాంతం మొత్తానికి అధికారి. ఆ రోజు న్యూయార్క్‌లో జంట భవనాలు కూలాక మాన్‌హట్టన్ దక్షిణ కొసన చిక్కుకొన్న జనాన్ని తరలించడానికి అక్కడి కోస్ట్‌గార్డ్ అధికారులు, అందుబాటులో ఉన్న పడవలన్నీ రావాలని రేడియోలో పిలుపునిచ్చారు. ప్రయాణికుల ఫెర్రీలు, టగ్గులు, చేపల పడవలు, సొంత షికారు పడవలు వచ్చాయి. సుమారు తొమ్మిది గంటల్లో 5 లక్షల మంది దాకా నీటి మీదుగా బయటపడ్డారు. ఆ పడవల యజమానులను రమ్మని శాసించే అధికారం ఎవరికీ లేదు. ఆ పిలుపు అలెన్ ఇచ్చింది కాదు, కింది అధికారులది. ఈ తేడా వ్యాసంలో స్పష్టంగా ఉండాలని వాక్యాన్ని రెండుసార్లు తిరగరాశాను. జీవితచరిత్రలు రాసేవారు దళం చేసిన ప్రతి మంచి పనినీ నాయకుడి ఖాతాలో వేసేస్తారు. అది నాకు నచ్చదు.

కత్రినా భాగానికి అన్నిటికన్నా ఎక్కువ సేపు కూర్చొన్నాను. 2005 ఆగస్టు 29న తుపాను లూసియానా తీరాన్ని తాకింది. గట్లు తెగి న్యూ ఆర్లియన్స్ నగరంలో ఎనభై శాతం మునిగింది. ప్రభుత్వ సంస్థలన్నీ ఒకరి ముఖం ఒకరు చూసుకొంటున్న ఆ వారంలో నిందకు గురికాని సంస్థ ఏదైనా ఉందంటే అది కోస్ట్‌గార్డ్. దాని హెలికాప్టర్లు, పడవలు 33,500 మందికి పైగా జనాన్ని కాపాడడమో, ఆసుపత్రుల నుంచి తరలించడమో చేశాయి. పై నుంచి ఆదేశం వచ్చేదాకా ఆగకుండా, అక్కడున్న అధికారి తన కళ్లతో చూసినదాన్ని బట్టి నిర్ణయం తీసుకోవచ్చన్నది ఆ దళంలో పాత ఆనవాయితీ. చిన్న పడవ మీదున్న యువ అధికారికి కూడా ఆ చొరవ నేర్పుతారు. నేను చదివిన నివేదికలన్నిటిలో కోస్ట్‌గార్డ్ విజయానికి చెప్పిన కారణాల్లో ఇది తప్పక ఉంది.

సెప్టెంబర్ 5న అలెన్‌ను సమాఖ్య అత్యవసర సంస్థ ఫెమా అధిపతికి సహాయకుడిగా అక్కడికి పంపారు. 9వ తేదీన ఆ అధిపతిని తప్పించి సహాయక చర్యల బాధ్యత మొత్తం ఆయనకే ఇచ్చారు. ఇక్కడే నా ప్రశ్న మొదలవుతుంది. ఫెమా ఉద్యోగులు ఆయన మనుషులు కారు. రాష్ట్ర గవర్నరు ఆయన మాట వినవలసిన పని లేదు. రాష్ట్రానికి ఉండే సైనిక దళం నేషనల్ గార్డు గవర్నరుది, సైన్యం మరొక జనరల్‌ది, నగర పోలీసులు మేయరువారు. బేటన్ రూజ్‌లో ఆయన సిబ్బందినందరినీ ఒకచోట చేర్చి, బల్ల ఎక్కి మాట్లాడాడు. ఎదురుపడిన ప్రతి బాధితుణ్ణీ మీ ఇంటి మనిషిగా చూసుకోండి, అలా చూసుకోవడంలో హద్దు దాటినా ఫరవాలేదు, దాని మీద ఎవరైనా తగవు పెట్టుకొంటే ఆ తగవు నాతో పెట్టుకొన్నట్టే అన్నది ఆ మాటల సారం. ఈ సంఘటనను ఆయనే తర్వాత చాలా చోట్ల చెప్పుకొన్నాడు కాబట్టి కొంత అనుమానంతోనే చదివాను. కానీ ఆ మాటల్లో అనునయం కంటే విలువైన మాట మూడవది. కింది ఉద్యోగి నియమం తప్పి మంచి చేస్తే వచ్చే చీవాట్లను తన మీద వేసుకొంటానని పై అధికారి బహిరంగంగా చెప్పడం అది. ప్రభుత్వ ఉద్యోగం చేసినవారికి దాని బరువు తెలుసు.

2006 మే 25న ఆయన కమాండెంట్ అయ్యాడు. ఈ నాలుగేళ్లలో జనానికి తెలియని ఒక సంగతిని తీసుకొన్నాను. పాత గస్తీ పడవలను 110 అడుగుల నుంచి 123 అడుగులకు పొడిగించే పథకంలో ఎనిమిది పడవలకు పొడిగించాక, వాటి దేహాలు వంగి పగుళ్లిచ్చాయి. ఆయన ఆ ఎనిమిదింటినీ సేవ నుంచి తప్పించి, గుత్తేదారు సంస్థల చేతుల్లోకి వెళ్లిన నౌకల కొనుగోలు నిర్వహణను మళ్లీ దళం చేతుల్లోకి తెచ్చే పని మొదలుపెట్టాడు. యుద్ధ కథలా ఉండదు గానీ, అడ్మిరల్ అయ్యాక ఉద్యోగంలో ఎక్కువ భాగం ఇదే: బడ్జెట్లు, ఒప్పందాలు, చట్టసభ సంఘాల ముందు జవాబులు. 2010 జనవరి 12న హైతీ భూకంపం వచ్చినప్పుడు మర్నాడే రేవుకు చేరిన మొదటి అమెరికా నౌక కోస్ట్‌గార్డ్‌దే. దాన్ని ఒక్క వాక్యంతో సరిపెట్టాను.

తర్వాత చమురు. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అనే తవ్వకపు వేదిక పేలి 11 మంది చనిపోయారు. 5 వేల అడుగుల లోతున, సముద్రం అడుగున బావి నుంచి చమురు ఎగజిమ్మడం మొదలైంది. మే 1న అలెన్‌ను జాతీయ స్థాయి బాధ్యుడిగా నియమించారు. కమాండెంట్ పదవీకాలం అదే నెల 25న ముగిసినా, సైనిక సేవ నుంచి జూన్ 30న విరమించినా, ఆయన ఆ బాధ్యతలో అక్టోబర్ 1 వరకు కొనసాగాడు.

ఇక్కడ నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టినవి అంకెలు. రోజుకు వెయ్యి బ్యారెళ్లు కారుతోందని మొదట అన్నారు, తర్వాత 5 వేలు అన్నారు, ఆ తర్వాత 12 నుంచి 19 వేలు, మరికొన్నాళ్లకు 35 నుంచి 60 వేలు. చివరికి శాస్త్రవేత్తలు తేల్చినది మొదట్లో రోజుకు 62 వేలు, బావి మూసే నాటికి 53 వేలు. మొత్తం 49 లక్షల బ్యారెళ్లు. బ్యారెల్ అంటే సుమారు 159 లీటర్లని చెబితే మా ఊరివారికి ఏమీ తట్టదు. మాకు నీళ్ల లెక్క క్యూసెక్కుల్లో, టీఎంసీల్లో తెలుసు. కూర్చొని మార్చి చూశాను. రోజుకు 62 వేల బ్యారెళ్లంటే నాలుగు క్యూసెక్కులు. మొత్తం ఒలికిన చమురు టీఎంసీలో ముప్పై ఆరో వంతు, 1.2 టీఎంసీలు పట్టే మా సుంకేసుల బరాజులో నలభయ్యో వంతు కూడా కాదు. ఇది చదివి వినిపించినప్పుడు సభలో ఒక పెద్దాయన, కేసీ కాలువ కింద పొలం ఉన్న రైతు, “నాలుగు క్యూసెక్కులకేనా సార్ ఇంత రభస?” అన్నాడు. నీరైతే ఏమీ కాదు, చమురు నీటి మీద పలుచటి పొరగా విప్పారుతుంది, అలలతో తీరాలకు, చిత్తడి నేలలకు, రొయ్యలు పట్టే నీళ్లకు చేరుతుంది, 87 రోజులు ఆగకుండా కారింది అని వివరించవలసి వచ్చింది. ఆ ప్రశ్న వచ్చిన తర్వాత ఈ వివరణను వ్యాసంలోనే చేర్చాను.

చట్టం సంగతి కూడా విడమరచి చెప్పవలసి వచ్చింది. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ అనే చమురు నౌక ప్రమాదం తర్వాత 1990లో అమెరికా చేసిన చమురు కాలుష్య చట్టం ప్రకారం, చమురు ఒలకబోసినవాడే శుభ్రం చేయాలి, ఖర్చు భరించాలి. ప్రభుత్వం దగ్గరుండి చేయిస్తుంది. అంటే బావిని మూసే యంత్రాలు, నిపుణులు ఆ బావిని తవ్విస్తున్న చమురు కంపెనీ బీపీవి; ప్రభుత్వానికి అంత లోతుకు వెళ్లే సాధనాలే లేవు. జనం మాత్రం బీపీని తరిమేసి ప్రభుత్వమే చేయాలన్నారు. వారిని తప్పిస్తే వారి స్థానంలో దేన్ని పెట్టాలని అలెన్ విలేకరులను ఎదురు ప్రశ్నించాడు. ఆ మాటకు ఆయన్ను బీపీ మనిషి అన్నవారూ ఉన్నారు. నా అంచనా వేరు. ఆ ప్రశ్నకు అప్పుడు ఎవరి దగ్గరా జవాబు లేదు, అది ఒప్పుకొన్న అధికారి ఆయన ఒక్కడే. అయితే తొలి వారాల్లో తక్కువ అంకెలను ప్రభుత్వం అంతకాలం పట్టుకొని వేలాడడం సమర్థించదగింది కాదు. రోజూ విలేకరుల ముందు నిలబడినది ఆయనే కాబట్టి ఆ మచ్చలో ఆయనకు భాగముంది. ఈ రెండూ పక్కపక్కనే రాశాను. జూలై 15న మూత పడి చమురు ఆగింది. సెప్టెంబర్ 19న బావి పూర్తిగా మూతపడినట్టు ప్రకటించారు.

ప్రసంగం అయ్యాక వచ్చిన ప్రశ్నల్లో ఒకదాన్ని ఇక్కడ చెప్పాలి. 2009లో పుట్టి వేసుకొని జనాన్ని చేరవేసిన ఒక బెస్త పెద్దాయన వెనక వరుసలో కూర్చొన్నాడు. “ఆయప్ప వాళ్ల పైఅధికారి కాడు గదా సార్, మరి యాల విన్యారు?” అని అడిగాడు. నేను వ్యాసమంతా రాసింది ఆ ప్రశ్న కోసమే. నాకు తోచింది చెప్పాను: దేశాధ్యక్షుడి నియామకం ఒక కారణం, చట్టం ఒక కారణం, కానీ ఆ రెండూ ఉన్నవారి మాట కూడా వినని సందర్భాలు ఉన్నాయి, ఆయన అందరినీ ఒక గదిలోకి చేర్చి, ఎవరి దగ్గర ఏముందో అందరికీ తెలిసేలా చేశాడు, నిందను తాను మోశాడు. పెద్దాయన కాసేపు ఆలోచించి, “మాకు ఆ పొద్దు ఏ సందులో మనుషులుండారో చెప్పేటోళ్లుంటే చాలు సార్, ఆడర్లు ఎవురికి గావల్ల” అన్నాడు. నా జవాబు కంటే అది మెరుగ్గా ఉందని వ్యాసం తుది ప్రతిలో చేర్చాను, ఆయన అనుమతి తీసుకొని.

మన దేశంలో ఇలాంటి అడ్మిరల్ ఉన్నాడా అని యువకులు అడిగారు. దానికోసం విడిగా ఒక పేజీ రాశాను. రుస్తంజీ కమిటీ సిఫారసు మీద భారత కోస్ట్‌గార్డ్ 1977 ఫిబ్రవరి 1న తాత్కాలికంగా మొదలైంది. ఫ్రిగేట్లనే యుద్ధనౌకలు రెండు, గస్తీ పడవలు ఐదు దాని తొలి ఆస్తి. 1978 చట్టంతో శాశ్వత రూపం వచ్చింది. ఇక్కడ అది రక్షణ శాఖ కింద ఉంది. అధిపతిని డైరెక్టర్ జనరల్ అంటారు, హోదా వైస్ అడ్మిరల్‌కు సమానం. మొదటి డైరెక్టర్ జనరల్ వైస్ అడ్మిరల్ వి.ఎ. కామత్. చాలా ఏళ్లు ఆ కుర్చీలో ఎక్కువగా నౌకాదళ అధికారులే కూర్చొన్నారు. 2016లో రాజేంద్ర సింగ్ వచ్చినప్పటి నుంచి వరుసగా కోస్ట్‌గార్డ్‌లోనే ఎదిగినవారు ఉంటున్నారు. అలెన్ ఎదుర్కొన్న చిక్కు వీరికీ ఉంది. సముద్రంలో గాలింపు, ప్రాణరక్షణకు సంబంధించిన జాతీయ బోర్డుకు, చమురు ప్రమాదాల జాతీయ ప్రణాళికకు డైరెక్టర్ జనరలే అధ్యక్షుడు. ఆ బల్ల చుట్టూ కూర్చొనే ఓడరేవులవారు, చమురు సంస్థలవారు, రాష్ట్ర ప్రభుత్వాలవారు ఆయనకు లోబడినవారు కారు. 2017 జనవరిలో చెన్నై దగ్గర ఎన్నూరు వద్ద రెండు ఓడలు ఢీకొని చమురు తీరానికి కొట్టుకొచ్చినప్పుడు, జనం బకెట్లతో దాన్ని ఎత్తిపోసిన దృశ్యాలు వినేవారిలో చాలామందికి గుర్తున్నాయి.

కోస్ట్‌గార్డ్ అసిస్టెంట్ కమాండెంట్ పరీక్షకు చదువుతున్న ఒక అబ్బాయి తర్వాతి ప్రసంగం రాకేశ్ పాల్ గురించి కావాలన్నాడు. 1989 జనవరిలో దళంలో చేరి, శతఘ్నుల విద్యలో నిపుణుడై, 2023 జూలైలో డైరెక్టర్ జనరల్ అయి, 2024 ఆగస్టు 18న చెన్నైలో విధుల్లో ఉండగానే గుండెపోటుతో మరణించిన అధికారి ఆయన. సరేనన్నాను. కాగితాలు సేకరించి, ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అంచున రాసి తెచ్చే పని మాత్రం నీదేనని ఆ అబ్బాయికి చెప్పాను.